రోహిణి కార్తెకు పగిలిన చిత్రిక

అరిగిపోయిన 12 అంగుళాల ఆకురాయితో బ్లేడు, తుమ్మ కొయ్యతో ఒళ్లు, పొడవు ఏడంగుళాలు. కొయ్యను నునుపు చేయడానికి నాలుగేళ్లుగా నేను వాడుతున్న చిత్రిక ఇదే, నా చేత్తో చేసుకున్నది. దీని బ్లేడంటే నాకు పిచ్చి. టేకు మీద తోస్తే ఉల్లిపొరలాంటి పొట్టు లేస్తుంది. మొదటిరోజు ఆ పొట్టు పారేయబుద్ధి కాక చొక్కా జేబులో వేసుకుని ఆఫీసుకు పోయినాను.

బ్లేడు పని పెద్ద కష్టమేం కాదు. సానచక్రం మీద ఆకురాయి పళ్లు తీసేటప్పుడు మాటిమాటికీ నీళ్లలో ముంచాలి, నీలం తిరిగితే పదును పోయినట్టే. ఆకురాయి ఉక్కు గట్టిది, పెళుసు కూడా. అందుకే మెరిసేలా రుద్ది, లేత గడ్డిరంగు వచ్చేదాకా, అంటే 220 డిగ్రీల చుట్టుపక్కలకు, గ్యాసు పొయ్యి మీద కాచినాను. ఇక అడుగు చదును చేయడానికి కడపలో బండకేం కరువు? వంటింటి బండ మీదే ఉప్పుకాగితం పరిచి రుద్దినాను. ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో రాయను.

అసలు కథ బ్లేడు కూర్చునే గూడుది. మొదటి ఒళ్లు చేసింది శ్రావణంలో. ఆ గూడును పక్కల వెంట్రుక కూడా దూరనంత బిగువుగా తొలిచినాను. ఇంటికి ఎవరొచ్చినా బ్లేడు పెట్టి, బిగింపు చెక్క లేకుండానే తలకిందులు చేసి చూపించేవాణ్ణి. జారేది కాదు. మార్చికి బ్లేడు బయటికి తీయాలంటే సుత్తి కావాల్సొచ్చింది. అప్పుడైనా అనుమానం రావాల్సింది, భలే పట్టు అనుకున్నాను.

రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు కదా. ఒక మధ్యాహ్నం స్టూలు కాలు సర్దుదామని మేడమీది గదిలోకి పోతే, చిత్రిక పక్కచెక్కలో బ్లేడు ఆనే చోటి నుంచి ముందుదాకా గోరు దూరేంత పగులు. ఎవరూ తోయలేదు, కింద పడలేదు. పెట్టింది పెట్టినట్టే చీలింది.

మా వీధి పెద్దాచారికి చూపిస్తే నా ముద్దుల బ్లేడు వంక కూడా చూడలేదు. గూట్లో వేలు పెట్టి, "ఎండకు కొయ్య తగ్గుతాది అబ్బీ, ఇనుము తగ్గుతాదా? దావ లేక చీల్చుకున్యాది" అన్నాడు. కొయ్య పొడవునా దాదాపు తగ్గదు, అడ్డానికే తగ్గుతుంది. వానకు పట్టేసే మా వాకిలి తలుపు ఎండకు వదులవడం ఏటా చూస్తూనే ఉన్నాను. చిత్రిక దగ్గరికొచ్చేసరికి తట్టలేదు.

ఇప్పటిది రెండో ఒళ్లు. బ్లేడుకు అటూ ఇటూ ఒక్కో హ్యాక్సా బ్లేడు దూరేంత ఖాళీ వదిలినాను. మూడు రోహిణులు చూసింది, పగల్లేదు. కాకపోతే బ్లేడు ఒక పక్కకు వాలుతుంది. ప్రతిసారీ చిన్న సుత్తితో అటొక దెబ్బ, ఇటొక దెబ్బ. నాకది చిరాకు, ఆచారి మాత్రం "అది అట్లనే ఉండాల" అంటాడు.

బ్లేడంటే పిచ్చి అన్నాను కదా, ఆ మాట టేకు, వేప దాకానే. ఎండిన తుమ్మలో కణుపు తగిలితే అంచు పెచ్చు లేచేది. మళ్లీ కాచి రంగు ఇంకాస్త ముదరనిస్తే పెచ్చులు తగ్గాయి, పదును మాత్రం మునుపటంత సేపు నిలవడం లేదు.

మీరూ చేసుకోండని గట్టిగా చెప్పలేను. నాకు ఆదివారాలున్నాయి, మామ చేలో తుమ్మ మొద్దు ఊరికే దొరికింది, చెడిపోయినా ఆ రోజు కూలి పోదు. దినాం తలుపులు చిత్రిక పట్టి బతికేవాళ్లకు అంగట్లో కొన్నదే మేలేమో. నేనైతే ఇంకొంచెం వెడల్పుది మూడోది మొదలుపెడతాను. మొద్దు ఇప్పటికే మేడమీద ఎండుతోంది. గూడు మాత్రం మేలోనే తొలుస్తాను.