కుటుంబ వైద్యుడు, న్యూరోసర్జన్: కంప్యూటర్ల లెక్కలో

మా కుటుంబ వైద్యుడిని చూస్తే కంప్యూటర్లు బాగుచేసే మనిషి గుర్తొస్తారు. ఆయన "జ్వరం ఎప్పటి నుంచి?" అంటారు, ఈయన "ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేశారా?" అంటారు. చిన్న ప్రశ్నలే, కానీ చాలాసార్లు రోగం అక్కడే దొరికిపోతుంది. దగ్గు, కీళ్లనొప్పి, దద్దుర్లు... ఏది తెచ్చినా కాదనరు.

మెదడుకు, నరాలకు ఆపరేషన్ చేసే న్యూరోసర్జన్ మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్, అంటే కంప్యూటర్ మొత్తాన్ని నడిపే మూల ప్రోగ్రామ్, రాసే ప్రోగ్రామర్. ఎంబీబీఎస్‌కు ఇంటర్న్‌షిప్‌తో కలిపి 5½ ఏళ్లు, ఆపై సర్జరీలో పైచదువులైన ఎంఎస్, ఎంసీహెచ్‌లకు మరో 6. కెర్నెల్‌లోనైనా, మెదడులోనైనా ఒక్క పొరపాటు మొత్తం వ్యవస్థనే కూల్చేస్తుంది. కెర్నెల్ చెడితే యంత్రాన్ని ఆపి సరిచేయవచ్చు. మెదడును నడుస్తుండగానే సరిచేయాలి! అందుకే పెద్ద నమస్కారం సర్జన్‌కే. అయినా తలనొప్పి వస్తే నేను ముందు వెళ్లేది మా వీధి డాక్టరు గారి దగ్గరికే.