పాత సోల్డరింగ్ ఐరన్‌కు మళ్ల పానం పోసిండు

నల్లగొండ క్లాక్ టవర్ కాడ సందుల ఓ చిన్న రిపేర్ షాపుంది, బోర్డు గూడ సక్కగ కనవడది. మా నాయిన రేడియోలు బాగుచేసినప్పటి 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ (సీసం కరిగిచ్చి వైర్లు అతికే పనిముట్టు) తీస్కపోయిన, వేడెక్కది గని పట్టుకుంటె చెయ్యి జుమ్మంటుండె. ఇంకో కాడ సూపిస్తె పారేసి కొత్తది కొనుక్కో అన్నరు. ఈ పెద్దమనిషి మాత్రం మీటర్ వెట్టి, ఎలిమెంట్ (లోపట వేడెక్కే తీగ) మంచిగుంటె 2,100 ఓమ్స్ దగ్గర్ల సూపియ్యాలె తమ్మీ, ఇది తెగింది అన్నడు.

కొత్త ఎలిమెంట్ ఏసిండు. పిడి లోపట వైరు తోలు పగిలి బాడీకి తగులుతుందట, జుమ్మనుడు అందుకే. మూడు కోర్ల వైరేసి, బాడీకి ఎర్త్ కలిపి, గుంజినా ఊడకుండ క్లాంపు బిగించి, ప్లగ్గు వెట్టేముందు ఫేజుకు బాడీకి నడుమ లీకేజ్ లేదని నాకే సూపిచ్చిండు, గదే నచ్చింది. నల్లగైన రాగి బిట్టును, అంటె ఐరన్ మొనను, ఆకురాయితోని రుద్ది, వేడి మీద రోజిన్ (సీసం మంచిగ అంటెటందుకు వాడే జిగురు) ముట్టిచ్చి సీసం పూస్తె అద్దం లెక్క మెరిసింది. కంపెనీ నుంచే ఇనుప పూత ఉన్న బిట్టైతె రుద్దొద్దు, ఖరాబైతది, తడి స్పాంజితోని తుడుసుడే అన్నడు.

ఒక్కటే తిప్పలు, సాయంత్రం రమ్మని మూడు రోజులు తిప్పిండు. స్టాండ్ గూడ అమ్మడు. నాలుగు స్టార్లు.