ఎక్స్‌టెన్షన్ వైరు మీద హార్డ్‌డిస్క్: ఏళ్లు వాడాక నా మాట

హన్మకొండలో పెళ్లి వీడియోల మిక్సింగ్ చేస్తాను. సీపీయూ టేబుల్ కింద మూలకు ఉంటుంది, హార్డ్‌డిస్కులు మాత్రం చేతికందేలా పైన ఉండాలి. అందుకే ఏళ్ల తరబడి యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుళ్లు వాడుతున్నా. సన్నవి, లావువి, అడాప్టర్ ఉన్నవి, అన్నీ నా దగ్గర నలిగాయి. కాపీ మధ్యలో డ్రైవ్ మాయమైతే ముందు డ్రైవ్‌ను కాదు, మధ్యలోని వైరును అనుమానించండి.

సన్నటి మూడు మీటర్ల కేబుల్ సంగతి ముందు చెప్తాను, ఎక్కువమంది కొనేది అదే కాబట్టి. మౌస్, కీబోర్డు, పెన్‌డ్రైవ్ పెడితే ఏ ఇబ్బందీ లేదు. 2.5 అంగుళాల హార్డ్‌డిస్క్ పెట్టి చెవి దగ్గర పట్టుకుంటే తెలుస్తుంది: లోపల ప్లేటు తిరగడం మొదలవుతుంది, టిక్కుమని ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. అట్లా మొరాయిస్తే నయమే. కొన్నిసార్లు డ్రైవ్ మామూలుగా కనిపించి, పెద్ద ఫైలు సగం ఎక్కాక పోతుంది. అసలు ప్రమాదం అక్కడే.

కారణం లెక్కలో ఉంది. 5 వోల్టుల మీద యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీయాంపులు, 3.0 పోర్టు 900. చిన్న హార్డ్‌డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో దగ్గర దగ్గర ఒక ఆంపియర్ లాగుతుంది. గేజి అంటే తీగ లావు చెప్పే అంకె; సన్నటి 28 గేజి రాగి తీగకు మీటరుకు సుమారు 0.21 ఓం. మూడు మీటర్ల కేబుల్‌లో కరెంటు పోను మూడు, రాను మూడు. అంటే 500 మిల్లీయాంపులకే 0.6 వోల్టు పైన తీగలోనే పోతుంది, 900కి ఒక వోల్టు దాటుతుంది. కాకతీయ కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లందనట్టు, డ్రైవ్ దాకా 4 వోల్టులు కూడా చేరవు. అదే ఇంకా లావుండే 24 గేజి అయితే మీటరుకు 0.08 ఓం చిల్లర, 500 మిల్లీయాంపులకు పోయేది పావు వోల్టే.

ఈ గేజి కేబుల్ ఒంటి మీదే అచ్చేసి ఉంటుంది. ఫోన్ టార్చి వేసి వైరును మెల్లగా తిప్పితే ‘28ఏడబ్ల్యూజీ/1పీ 24ఏడబ్ల్యూజీ/2సీ’ లాంటి అక్షరాలు కనిపిస్తాయి. మొదటిది డేటా జత, రెండోది కరెంటు తీగలు రెండు. అంకె తగ్గేకొద్దీ తీగ లావు. రెండోచోట కూడా 28 ఉన్నా, అసలు ఏమీ అచ్చు లేకపోయినా హార్డ్‌డిస్క్ కోసం కొనకండి. చౌరస్తా దుకాణాల్లో ప్యాకెట్ విప్పి చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు. పైన ప్లాస్టిక్ లావుగా ఉంటే లోపల రాగి కూడా లావేనని అనుకోవడానికి లేదు.

ఇప్పుడు రోజూ వాడేది 24 గేజి కరెంటు తీగలున్న మీటరు కేబుల్. డ్రైవ్ పడిపోవడం దాదాపు లేదు. దీనికున్న లోటు మూతి దగ్గర: డిస్క్ బరువు వేలాడి వేలాడి సాకెట్ వదులైంది, చెయ్యి తగిలితే డ్రైవ్ పోయేది. మూతిని టేబుల్ అంచుకు ట్యాగ్‌తో కట్టేశాక కుదుటపడింది.

దూరం ఎక్కువైతే రిపీటర్ కేబుల్ తీసుకోమంటారు. అది సిగ్నల్‌ను మాత్రమే నిలబెడుతుంది, పైగా తన వాటా కరెంటు కూడా అదే పోర్టు నుంచి తీసుకుంటుంది. హార్డ్‌డిస్క్‌కు కావాల్సింది అవతలి చివర అడాప్టర్ పెట్టుకునే వీలున్నది, లేదా సొంత అడాప్టర్ ఉన్న హబ్, అంటే ఒక పోర్టును పలు పోర్టులుగా చేసే డబ్బా. పెళ్లిళ్ల సీజన్‌లో రెండు డిస్కులు ఒకేసారి నడపాలంటే నేను హబ్ మీదే పెడతాను. ఖర్చు ఎక్కువే, కానీ పెళ్లి ఫుటేజ్ పోతే మళ్లీ తీయలేం కదా.

మొన్న పరకాల నుంచి ఒక ఫొటోగ్రాఫర్ తమ్ముడు వచ్చాడు. “అన్నా, డిస్క్ ఖరాబైనట్టుంది, కొత్తది కొనాల్నా?” అన్నాడు. వాడేది క్యాబినెట్ ముందు పోర్టు, దానికి ఎక్స్‌టెన్షన్. ముందు పోర్టుకు మదర్‌బోర్డు నుంచి లోపల ఇంకో వైరు వస్తుంది, అంటే వైరు మీద వైరు. సీపీయూ వెనక పోర్టులో, డిస్క్‌తో వచ్చిన పొట్టి కేబుల్‌తో నేరుగా పెట్టి మొత్తం కాపీ చేయించాను. ఎక్కడా ఆగలేదు. అట్లా పెట్టినా తెగిపోతుంటే అప్పుడు డిస్క్‌నో, దాని కేబుల్‌నో అనుమానించాలి.

కాపీలో కాకుండా, ఊరికే వదిలేసినప్పుడు డ్రైవ్ పోతుంటే కథ వేరు. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో, వాడకుండా ఉన్న యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చే ‘యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్’ను డిసేబుల్ చేసి చూడండి. సొంత 12 వోల్టుల అడాప్టర్ ఉన్న 3.5 అంగుళాల డిస్కులకు ఈ కరెంటు బాధ లేదు.

ఏ వైరు వాడినా కెమెరా మెమరీ కార్డు నుంచి కట్ చేసి పేస్ట్ చేయకండి. కాపీ చేసి, రెండు మూడు క్లిప్పులు చివరిదాకా తెరిచి చూశాకే కార్డు ఫార్మాట్ చేయండి.