నేలమీది ఈతకొలనుకు సక్షన్ లైను: ఏ గొట్టం, ఏ వాల్వు మేలు?

అమెరికాలో పెరట్లో నేలమీద నిలబెట్టే ఈతకొలను కొన్న మనవాళ్లు చాలామంది గోడ ఎత్తు గురించీ లైనరు (లోపల పరిచే ప్లాస్టిక్ పొర) రంగు గురించీ వారాల తరబడి ఆలోచిస్తారు గాని, స్కిమ్మర్ (గోడకు ఉండి పైనీటిని, తేలే చెత్తను లాగే పెట్టె) నుంచి పంపు దాకా నీటిని తెచ్చే ఆరడుగుల గొట్టాన్ని, అంటే సక్షన్ లైనును మాత్రం పెట్టెలో వచ్చినదే తగిలించి ఊరుకుంటారు. తర్వాత వచ్చే చిక్కుల్లో ఎక్కువభాగం ఆ ఆరడుగుల్లోనే ఉంటాయి.

మన పొలాల్లో మోటరు గట్టు మీద ఉంటుంది, నీళ్లు బావిలో ఉంటాయి. కాబట్టి పైపులోని నీరు దిగిపోకుండా అడుగున ఫుట్ వాల్వు పెడతాం, గాలి పడితే నీళ్లు పోసి మళ్లీ ఎక్కిస్తాం. ఇక్కడ అంతా తలకిందులు. పంపు నేలమీద, నీటిమట్టం దానికి మూడు నాలుగు అడుగుల పైన. ఫుట్ వాల్వుతో పని లేదు గాని, పంపులో చెత్త పట్టే బుట్టను శుభ్రం చేయడానికి మూత తీస్తే కొలనులోని నీరు బయటికి తన్నుకొస్తుంది. అందువల్ల పంపుకు ముందు నీటిని ఆపే వాల్వు తప్పనిసరి.

రెండో సంగతి, సక్షన్ వైపు లీకు కంటికి కనిపించదు. పంపు నడుస్తున్నంతసేపూ సందులోంచి నీరు కారదు, గాలి లోపలికి పోతుంది. పంపు మూత కింద బుడగలు తిరగడం, నీరు తిరిగి వచ్చే నోటి దగ్గర తుంపరలు లేవడం దాని గుర్తులు. గొట్టాన్నయినా వాల్వునయినా నేను తూచేది ముందుగా ఈ గాలి లెక్కతోనే, ధర ఆ తర్వాత.

24 అడుగుల వ్యాసం, 48 అంగుళాల నీటి లోతు ఉన్న గుండ్రటి కొలనులో సుమారు 13,500 గ్యాలన్లు పడతాయి. ఎనిమిది గంటల్లో ఆ నీరంతా ఒకసారి ఫిల్టరు గుండా పోవాలంటే నిమిషానికి 28 గ్యాలన్లు చాలు. సక్షన్ పైపులో నీటివేగం సెకనుకు ఆరడుగులు దాటకూడదన్నది పాటించే కొలత. ఆ వేగంతో ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపు నిమిషానికి 38 గ్యాలన్ల వరకూ, రెండంగుళాలది 63 వరకూ మోస్తుంది. కాబట్టి పంపు స్కిమ్మర్ పక్కనే ఉంటే ఒకటిన్నర అంగుళమే సరిపోతుంది. పంపు దూరంగా ఉండి మధ్యలో మూడు నాలుగు బెండ్లు వచ్చే చోట మాత్రం రెండంగుళాల పైపు వేయడమే తెలివి, ఎందుకంటే ఒక్కొక్క బెండు అనేక అడుగుల తిన్నని పైపుతో సమానంగా నీటిని అడ్డుకుంటుంది.

ఇక గొట్టం రకం. కొలనుతో పాటు వచ్చే రిబ్బుల గొట్టం చవక, క్లాంపు విప్పితే చేతికి వస్తుంది. చలికాలంలో అన్నీ విప్పి లోపల దాచాల్సిన న్యూజెర్సీ లాంటి చోట అది చిన్న సౌకర్యం కాదు. కాని ఎండకు పెళుసుబారుతుంది, క్లాంపు కింద అరిగి గాలి పీలుస్తుంది. గట్టి పీవీసీ పైపు సొల్యూషన్‌తో అతికితే గాలి చొరబడదు, ఏళ్ల తరబడి ఉంటుంది. దాని దోషం కదలకపోవడమే. కొలను గోడ పలుచని రేకు, నీటి బరువుకూ ఎండకూ కొద్దిగా కదులుతుంది. మొదటి వేసవిలో నేను పైపును ఎక్కడా వంగే వీలు లేకుండా స్కిమ్మర్ కింది మరకు బిగించాను. నెల తిరగకుండానే స్కిమ్మర్ మెడ చిట్లింది. అందుచేత నా తీర్పు: స్కిమ్మర్ దగ్గర అడుగున్నర పొడవు వంగే పీవీసీ గొట్టం, మిగతాదంతా గట్టి పైపు, పంపు ముందు యూనియన్, అంటే కోయకుండా విప్పి బిగించుకోగల జాయింటు. చలికాలంలో ఆ యూనియన్ విప్పితే పని అయిపోతుంది.

వాల్వుల్లో పోటీ ప్రధానంగా మూడింటి మధ్య. పలక జారే గేటు వాల్వు పూర్తిగా తెరిస్తే దారిలో అడ్డేమీ ఉండదు, ధర తక్కువ. అయితే పలక చుట్టూ ఉన్న సీలు అరిగినప్పుడు సక్షన్ వైపు మొదట గాలి పట్టేది అక్కడే. బాల్ వాల్వు పావు తిప్పుకు మూతపడుతుంది, పిడి చూడగానే తెరిచి ఉందో మూసి ఉందో తెలుస్తుంది. కాని కొన్నేళ్లకు బిగుసుకుపోతుంది, అతికించేసిన రకమైతే పైపు కోసి తీయాల్సిందే. యూనియన్లతో వచ్చేది కొంచెం ఖరీదైనా అదే కొనాలి. చలికాలంలో మూసి వదిలితే బంతి లోపల చిక్కిన నీరు గడ్డకట్టి వాల్వును పగలగొడుతుంది గనుక, నీరంతా తీశాక సగం తెరిచి ఉంచాలి. మూడు దారుల డైవర్టర్ వాల్వు పైమూత మరలు విప్పి లోపలి ఓ-రింగులకు సిలికాన్ గ్రీజు రాసుకోవచ్చు కాబట్టి మరమ్మతుకు ఇదే మేలు. అయినా ఒక్క స్కిమ్మరే ఉన్న కొలనుకు దీన్ని పెట్టడం డబ్బు దండగ.

డైవర్టర్‌కు అసలు పని రెండు లైన్లు కలిసే చోట, అంటే స్కిమ్మర్‌తో పాటు అడుగున డ్రెయిన్ కూడా ఉన్నప్పుడు. రెండు బాల్ వాల్వులు పెడితే పొరపాటున రెండూ మూసి పంపును ఎండగట్టే ప్రమాదం ఉంటుంది. డైవర్టర్‌లో పిడి తిరిగే హద్దును అమర్చుకుంటే పంపు వైపు దారి మూసుకుపోదు. అయితే నేలమీది కొలనుకు అడుగు డ్రెయినే వద్దని నా అభిప్రాయం. లైనరుకు అడుగున చిల్లు పెట్టడం ఒక కారణం, మనిషిని పట్టి ఉంచగల పీల్పు రెండోది. 2002లో వేడినీటి తొట్టి డ్రెయిన్‌కు అతుక్కుపోయి ఏడేళ్ల వర్జీనియా గ్రేమ్ బేకర్ చనిపోయాకనే, 2007లో ఆ పాప పేరుతో అమెరికాలో డ్రెయిన్ మూతలకు ప్రమాణాలు విధించే చట్టం వచ్చింది. పాత కొలనుకు డ్రెయిన్ ఉండి తీరితే, ఆ ప్రమాణానికి తగిన మూత పగుళ్లు లేకుండా ఉందో లేదో చూసుకున్నాకే వాల్వును అటు తిప్పాలి.