పాత పీసీ గేమ్ రికార్డింగ్ కిట్ కొనేవాళ్లు జాగ్రత్త: పెట్టె మీది 4కె నమ్మకండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పాత కంప్యూటర్లు దాచుకున్న మనవాళ్లందరికీ ఈ మాట. పాత మానిటర్ వైరు వీజీఏ సిగ్నల్‌ని ఇప్పటి టీవీల హెచ్‌డీఎంఐగా మార్చే చిన్న డబ్బా, ఆ బొమ్మని కంప్యూటర్లో రికార్డు చేసే ఒక యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్ కలిపి ‘పాత పీసీ గేమ్ రికార్డింగ్ కిట్’ అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. పెట్టె మీద 4కె, 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 60 ఫ్రేములు) అని పెద్ద పెద్ద అక్షరాలు. తొందరపడి డబ్బు కట్టకండి. నేను కట్టింది ఇంకా తిరిగి రాలేదు.

పర్లాకిమిడిలో మా చిన్నాన్న డీటీపీ షాపు మూసేశాక అక్కడి పెంటియం కంప్యూటర్ మా ఇంటికొచ్చింది. విండోస్‌కి ముందటి డాస్, శబ్దానికి సౌండ్ బ్లాస్టర్ కార్డు అన్నీ ఇప్పటికీ పనిచేస్తున్నాయి. బోర్డు మీద కెపాసిటర్లు ఎన్నాళ్లుంటాయో చెప్పలేం కాబట్టి, అది బతికుండగానే డేవ్, డూమ్ గేమ్‌లు తెర మీద ఎలా ఆడేవో అలాగే రికార్డు చేసి ఉంచాలని నా పట్టుదల.

కిట్ తగిలించగానే డాస్ అక్షరాల తెర (సీ ప్రాంప్ట్) శుభ్రంగా వచ్చింది. డూమ్ తెరిచాక అసలు రంగు బయటపడింది. కింద హెల్త్ చూపించే అంకెల్లో ఒక గీత లావు, పక్క గీత సన్నం. కారణం ఇది: డాస్ టెక్స్ట్ తెర 720×400. చాలా గేమ్‌లు వాడే 320×200 మోడ్ వీజీఏ కార్డులోంచి రెట్టింపై 640×400గా వస్తుంది. రెండింటికీ సింక్ (తెరకి వేళ చెప్పే సిగ్నల్) ఒకటే, సెకనుకి 70 ఫ్రేములు. చవక డబ్బాకి తేడా తెలియక గేమ్‌ని కూడా 720గానే కొలుస్తుంది. అడ్డంగా ఒక్కో చుక్కకి రెండు గళ్లు రావాల్సిన చోట రెండుంపావు వస్తాయి. ఇక గీతలు సమానంగా ఎలా ఉంటాయి? పైగా 4:3 బొమ్మని 16:9కి సాగదీసింది.

కదలిక ఇంకా అన్యాయం. డబ్బా 70ని 60కి కోస్తుంది, అంటే సెకనుకి 10 ఫ్రేములు గల్లంతు. డూమ్ సెకనుకి 35 ఫ్రేములకి మించి గీయదు, 70లో ఒక్కోటి సరిగ్గా రెండుసార్లు కనబడుతుంది. 60కి వచ్చేసరికి ఆ లెక్క చెడి, నడక కుంటుతుంది.

ఆ 4కె సంగతీ చూడండి. డివైస్ మేనేజర్‌లో స్టిక్ హార్డ్‌వేర్ ఐడీ 534డి, 2109 అని వచ్చింది. అంటే ఎంఎస్2109 చిప్. 4కె సిగ్నల్ లోపలికి తీసుకుంటుందేమో గానీ, బయటికొచ్చే దారి యూఎస్‌బీ 2.0, సెకనుకి 480 మెగాబిట్లు. 1080పీ 60 ఫ్రేములు కుదించకుండా పంపాలంటే దాదాపు 2 గిగాబిట్లు కావాలి. అందుకే ఒక్కో ఫ్రేముని ఫొటోలా కుదించే ఎంజేపెగ్‌గా నలిపి, 1080పీలో 30 ఫ్రేములే ఇస్తుంది. రెండు చానళ్ల స్టీరియో శబ్దాన్ని కూడా 96 కిలోహెర్ట్జ్ మోనో, అంటే ఒకే చానల్ అని కంప్యూటర్‌కి చెప్పుకుంటుంది.

అమ్మినాయన జవాబు: ‘మీ కంప్యూటర్ పాతది, సీల్ తెరిచేశారు, మీ పిన్‌కోడ్‌కి రిటర్న్ పికప్ లేదు.’ పాత పీసీ కోసమే అని అమ్మి, పీసీ పాతదని వంక పెట్టడం ఏం న్యాయం? 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకు వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అమ్మకందారు అనకూడదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులో, ఒడియాలో కూడా ఫిర్యాదు రాసుకుంటారు. అక్కడ తేలకపోతే మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు. నేను ఆ దారిలోనే ఉన్నాను.

కొనేముందు అమ్మేవాణ్ణి ఒక్కటే అడగండి: 640×400, 70 హెర్ట్జ్‌లో డాస్ గేమ్ నడుస్తున్న రికార్డింగ్ చూపించమని. విండోస్ డెస్క్‌టాప్ డెమో చూపిస్తే ఒప్పుకోకండి, అది మామూలుగా 60 హెర్ట్జ్‌లో నడుస్తుంది కాబట్టి ఏ డబ్బా అయినా పాసైపోతుంది. సరైన పని కావాలంటే ఓఎస్‌ఎస్‌సీ లాంటి స్కాన్ కన్వర్టర్ ఉంది. అది 70ని 70గానే పంపుతుంది, పిక్సెల్ లెక్క మనమే సెట్ చేసుకోవచ్చు. దానికి జతగా 70 హెర్ట్జ్ తీసుకునే క్యాప్చర్ కార్డు ఉండాలి, ఖర్చు ఎక్కువే. ఒట్టి గేమ్ వీడియో చాలనుకునేవాళ్లు, ఇప్పటి కంప్యూటర్లో డాస్ గేమ్‌లు ఆడించే డాస్‌బాక్స్ ప్రోగ్రామ్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్5 నొక్కితే పైసా ఖర్చు లేకుండా ఏవీఐ ఫైలు వస్తుంది.

ఇదే కిట్ ఇప్పటికే ఇంటికి వచ్చేసిందా? పెట్టె, బిల్లు పారేయకండి. గేమ్ తెర మీద ఆ లావు సన్నం గీతలు కనిపించేలా ఫోన్‌లో వీడియో తీసి, ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్ కూడా ఈరోజే దాచుకోండి. నేను ఫిర్యాదు చేశాక ప్రకటనలో మాటలు మార్చేశారు.