కోలిబ్రీ ఉచితమే, ఖర్చంతా టైమ్‌టేబుల్‌లో ఉంది

ఉచితంగా దొరికిన కోలిబ్రీ అనే పాఠాల సాఫ్ట్‌వేర్ గురించి చెప్పేముందు, లక్షా డెబ్బై వేలు పోసి కొన్నదాని కథ చెప్పాలి. జనగామ జిల్లాలో మాది చిన్న ప్రైవేటు బడి. నాలుగు వందల పైచిలుకు పిల్లలు, పందొమ్మిది మంది టీచర్లు, వారికి ప్రధానోపాధ్యాయురాలిగా నేను. 2021లో ఒక కంపెనీ వారు (పేరు ఎందుకులెండి) 75 అంగుళాల డిజిటల్ బోర్డు తెచ్చి గోడకు బిగించారు. "పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి మేడమ్, నొక్కితే చాలు" అన్నారు. నొక్కాం. రెండో ఏడు జూన్‌లో లైసెన్సు గడువు తీరిందంటూ తెర మీద ఎర్రని పట్టీ ప్రత్యక్షమైంది. శిక్షణ ఇచ్చిన అబ్బాయి ఫోను మోగుతూనే ఉండేది, ఎత్తేవారు లేరు. ఇప్పుడది ఆగస్టు పదిహేనున దేశభక్తి గీతాలు వినిపించడానికి పనికొస్తోంది. శబ్దం మాత్రం బాగుంటుంది, ఆ మాట దాచకూడదు.

ఆ దెబ్బతోనే కోలిబ్రీ వైపు చూశాను. లెర్నింగ్ ఈక్వాలిటీ అనే లాభాపేక్ష లేని అమెరికా సంస్థ దీన్ని తయారుచేసింది. ఖాన్ అకాడమీ వీడియోలు, అభ్యాసాలు, తెర మీదే చేసి చూసే కొలరాడో విశ్వవిద్యాలయం వారి 'ఫెట్' ప్రయోగాలు, ఇంకా చాలా ఉంటాయి. కావలసినవి ఒకసారి ఒక కంప్యూటర్‌లోకి దించుకుంటే చాలు. ఆ తరువాత గదిలోని మిగతా యంత్రాలు వైఫై రౌటర్ ద్వారా దాని నుంచే పాఠాలు అందుకుంటాయి. బయట నెట్ ఉందా లేదా అన్న చింత ఉండదు. ఆఫీసులోని పాత డెస్క్‌టాప్‌ను ఈ పనికి కేటాయించాం. రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లి, పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక్కొక్కటి పదకొండు వేల చొప్పున పదహారు వాడిన లాప్‌టాప్‌లు తెచ్చాం. లెక్క వేస్తే దాదాపు ఆ బోర్డు ఖరీదే! రెండు ఇప్పటికే మూలపడ్డాయి, మిగతావి నడుస్తున్నాయి.

మొదటి వారంలోనే కరెంటు పోయింది. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ పెట్టాం, లాప్‌టాప్‌లకు బ్యాటరీలు ఉన్నాయి, ఇక భయమేమిటి అనుకున్నాం. "మేడమ్, గుండ్రంగా తిరుగుతూనే ఉంది" అని పన్నెండు గొంతులు ఒకేసారి లేచాయి. రౌటర్‌ను మరిచిపోయాం! దానికోసం చిన్న యూపీఎస్ విడిగా దొరుకుతుంది. మీరు పెట్టుకుంటే అది ముందే కొనండి.

ఏడో తరగతి లెక్కలతో మొదలుపెట్టాం. ముప్పై ఆరు మందిని మూడు జట్లు చేశాం: ఒకటి లాప్‌టాప్‌ల దగ్గర, ఒకటి లెక్కల సార్ దగ్గర, ఒకటి జంటలుగా కూర్చుని నోటుపుస్తకంలో. కాసేపటికి జట్లు మారాలి. నలభై నిమిషాల పీరియడులో ఇది సాగదు. యంత్రాలు పంచి, పేర్లు కొట్టి లోపలికి వెళ్లేసరికే పన్నెండు నిమిషాలు హరించుకుపోయేవి. వారానికి రెండుసార్లు రెండేసి పీరియడులు కలపవలసి వచ్చింది. చెప్పినంత తేలిక కాదు. ఒక తరగతి గంట జరిపితే ఇంకో నలుగురు టీచర్ల ఖాళీ పీరియడులు కదిలిపోతాయి. స్టాఫ్ రూములో పది రోజులు నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు.

ఇందులో నాకు బాగా నచ్చింది టీచరు పేజీ. ఎవరు ఏ అభ్యాసం పూర్తి చేశారు, ఎవరు ఎక్కడ చిక్కుకున్నారు, ఎవరికి సాయం కావాలి అన్నది పేర్లతో సహా కనిపిస్తుంది. సమాన భిన్నాల దగ్గర పదకొండు మంది ఆగిపోయి కనిపించారు. ఒక పాప నోటుపుస్తకం తెరిస్తే, మూడింట రెండు వంతులకు సమానం ఐదింట నాలుగు వంతులు అని రాసి ఉంది. "పైన రెండు కలిపాను, కింద రెండు కలిపాను మేడమ్." ఎంత నమ్మకంగా చెప్పిందో! సార్ ఆ పదకొండు మందినీ వరండాలోకి తీసుకెళ్లి, పాత క్యాలెండర్ కాగితం చేతికిచ్చి మడత పెట్టించారు.

ఇక్కడే నేను తప్పు చేశాను. ఆ పేజీ ప్రింటు తీసి స్టాఫ్ మీటింగులో బల్ల మీద పెట్టాను, మెచ్చుకుందామనే. ఆ పదకొండు పేర్లు సార్‌కు తన చేతగానితనం చిట్టాలా కనిపించాయి. పదిహేనేళ్లుగా ఆ పాఠం చెబుతున్న మనిషి. మరుసటి వారం లాప్‌టాప్‌లు బీరువాలోంచి బయటికి రాలేదు. అడిగితే "సిలబస్ వెనకబడింది మేడమ్" అన్నారు. ఆయనకు క్షమాపణ చెప్పాను. టీచరు పిలిస్తే తప్ప వారి పేజీ నేను తెరవనని అందరి ముందూ మాట ఇచ్చాను. నా లాగిన్‌తో అన్నీ చూడవచ్చు, కోలిబ్రీలో దానికి తాళం లేదు. ఉన్నదంతా నా మాటే.

తల్లిదండ్రులది ఇంకో గోల. "ఫీజు కట్టేది కంప్యూటర్ ఆటలకా మేడమ్? నోట్సు చూడండి, ఖాళీ" అని ఒక తండ్రి పుస్తకం విసిరినంత పని చేశారు. ఆయన అన్నదీ నిజమే. అప్పటి నుంచి తెర మీద చేసే ప్రతి లెక్కా తేదీ వేసి నోటుపుస్తకంలో చేయాలి.

లోట్లు లేవా? పాఠాల వరుస మన తెలంగాణ పుస్తకాల వరుస కాదు. కావలసినవి ఏరి పాఠంగా కూర్చే వీలుంది కానీ ఆ ఏరే మనిషికి ఆదివారం రెండు గంటలు పోతాయి. మేము దించుకున్నవన్నీ ఇంగ్లీషు వీడియోలు, మా పిల్లలు ఆ వేగం అందుకోలేరు. శబ్దం ఆపేసి సార్ పక్కన నిలబడి తెలుగులో చెబుతారు. తెలుగు, సాంఘికశాస్త్రం టీచర్లకు దీనితో పెద్దగా పని పడలేదు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో తెరుచుకునే, ప్రభుత్వ వేదిక 'దీక్ష'లోని పాఠాలే నయమన్నారు, నేనూ బలవంతపెట్టలేదు. పదో తరగతి జోలికి అసలు వెళ్లలేదు.

నెట్ సరిగా లేని బడికి, లెక్కలు, సైన్సు వరకు, కళ్లు మూసుకుని పెట్టుకోమంటాను. కానీ ఒక్క తరగతి, ఒక్క టీచరుతో మొదలుపెట్టండి. మాకు నాలుగు తరగతులకు చేరడానికి రెండేళ్లు పట్టింది.

పోయిన నెల లెక్కల సార్ తనంతట తానే లాప్‌టాప్ తెచ్చి నా బల్ల మీద తెరిచారు. కొత్త ఏడో తరగతి, అదే సమాన భిన్నాలు. ముగ్గురే ఆగిపోయారు. ఆ ముగ్గురి గురించి అరగంట మాట్లాడారు. ప్రింటరు నా పక్కనే ఉంది, దాని వైపు చూడలేదు.