కౌచ్ టు 5కే ప్లాన్: ఏడాదిన్నర వాడాక నా మాట

ముందే చెప్పేస్తున్నా, నాకు పరుగంటే చిన్నప్పట్నుంచీ పడదు. స్కూల్లో హోంవర్క్ చేయకపోయినా, అసెంబ్లీకి లేటైనా గ్రౌండ్ చుట్టూ రౌండ్లే, అందులోనూ లాస్ట్ వచ్చేది నేనే, అందుకని పరుగంటే నా బుర్రలో శిక్ష కింద ఫిక్సయిపోయింది. 39వ ఏట షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ గారు అన్నాకే షూస్ కొన్నా, అదీ మా ఆవిడ పక్కనుండి కొనిపిస్తేనే.

కౌచ్ టు 5కే అంటే 1996లో జాష్ క్లార్క్ అనే అమెరికా ఆయన వాళ్ళమ్మ చేత పరుగు మొదలెట్టించాలని తయారుచేసిన ప్లాన్, సోఫాలో కూచునేవాళ్ళని మెల్లగా 5 కిలోమీటర్లు పరిగెట్టేదాకా తీసుకెళ్ళేది. 9 వారాలు, వారానికి 3 రోజులు. మొదటి వారం 5 నిమిషాలు స్పీడ్‌గా నడిచి, తర్వాత 60 సెకన్లు జాగింగ్, 90 సెకన్లు నడక, ఇలా 20 నిమిషాలు. 60 సెకన్లేనా అని నవ్వుకున్నా. మా వైజాగ్ ఆర్కే బీచ్ రోడ్డులో పొద్దున్నే బండ్లు ఆపేస్తారు కదా, అక్కడ మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ దగ్గర మొదలెట్టా, దాని పొడవు 91 మీటర్లు, ఆ తల నుంచి తోక దాకా వెళ్ళేసరికి నా ఊపిరి అయిపోయింది.

తప్పు ప్లాన్‌ది కాదు, నాదే. కుక్క తరుముతున్నట్టు పరిగెట్టేవాణ్ణి. చీర మీద స్పోర్ట్స్ షూస్ వేసుకుని రోజూ నడిచే ఒక పెద్దావిడ ఉన్నారు, నేను పరిగెట్టి ఆవిణ్ణి దాటడం, ఆగి ఆయాసపడుతుంటే ఆవిడ నన్ను దాటడం, ఇలా నాలుగైదు సార్లయ్యాక ఆగి "పరిగెడుతున్నావా బాబూ, పారిపోతున్నావా?" అన్నారు. సిగ్గేసింది గానీ మర్నాటి నుంచి స్పీడ్ బాగా తగ్గించా, ఎంతలా అంటే పక్కన ఎవరైనా ఉంటే ఆగకుండా కబుర్లు చెప్పగలిగేంత. ఆవిడ నడకకీ నా పరుగుకీ పెద్ద తేడా ఉండేది కాదు, అయినా అప్పట్నుంచే అసలు నచ్చడం మొదలైంది.

5వ వారం దగ్గర జాగ్రత్త. రెండో రోజు 8 నిమిషాల చొప్పున రెండుసార్లు, మూడో రోజు ఏకంగా 20 నిమిషాలు, మధ్యలో నడక లేదు. నేను ఆ వారాన్ని మూడుసార్లు చేశా. మధ్యలో ఉత్సాహం ఎక్కువై వారానికి ఐదు రోజులు వెళ్తే మోకాలి కింద ముందు ఎముక వెంబడి నొప్పి పట్టుకుని రెండు వారాలు ఇంట్లో కూచున్నా, ఊపిరి అలవాటుపడినంత తొందరగా ఎముకలు అలవాటుపడవని అప్పుడు తెలిసింది. మొత్తానికి 9 వారాల ప్లాన్ నాకు 16 వారాలు పట్టింది. ఇంకోటి, ఆఖర్లో 30 నిమిషాలు పరిగెడితే 5 కిలోమీటర్లు వచ్చేస్తాయనుకోకండి, నాకొచ్చింది 3.7.

ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది, వైజాగ్ ఉక్కకి చెమట పట్టి తొడలు ఒరుసుకుని మంట పుడుతుంది, వెళ్ళేముందు కాస్త కొబ్బరి నూనె రాసుకోండి. షూస్ కూడా మామూలు సైజు కంటే అర సైజు పెద్దవి తీసుకుంటే వేళ్ళకి హాయి. రన్నింగ్ గడియారాలూ బెల్టులూ ఇప్పుడే కొనొద్దు, నా బెల్టు బీరువాలో పడుంది.

ఇప్పుడు 5 కిలోమీటర్లకి 41 నిమిషాలు, మొదటి పది నిమిషాలు ఇప్పటికీ నరకమే, ఆ తర్వాత కాళ్ళు వాటంతటవే కదులుతాయి, సముద్రం వైపు చూస్తూ పోతుంటా. ఈమధ్య రెండ్రోజులు వెళ్ళకపోతే నాకే చిరాకు, ఇంట్లోవాళ్ళకి ఇంకా చిరాకు. నా మార్కులు 5కి 4, ఆ ఒక్కటీ 5వ వారానికి కోసేశా. పెద్దావిడ మాత్రం ఇంకా నాకంటే ముందే వస్తున్నారు.